కాలేయ వ్యాధిగ్రస్తులలో ఎముకల రక్షణ

దీర్ఘకాలిక కాలేయ వ్యాధి అనగానే పచ్చకామెర్లు, పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతులు గుర్తుకు వస్తాయి. ఇదే వ్యాధి ఎముకలను కూడా లోలోపల బలహీనపరుస్తుందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. ఎముక గుల్లబారి, చిన్న జారుడుకే విరిగిపోయే స్థితిని ఆస్టియోపోరోసిస్ అంటారు. విరిగే వరకు సాధారణంగా నొప్పి ఉండదు. కనుక దీనిని ముందుగానే గుర్తించాలి.

కారణాలు

చర్మానికి ఎండ సోకినప్పుడు తయారయ్యే విటమిన్ డి, మొదట కాలేయంలోను, పిదప మూత్రపిండాలలోను మార్పు చెందితేనే శరీరానికి ఉపయోగపడుతుంది. పైత్యరసం పేగులలోకి సరిగా దిగని వ్యాధులలో ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టవు. మద్యపానం, పొగత్రాగడం, కండలు క్షీణించడం, మూడు నెలలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడటం కూడా కారణాలే. ముట్లుడిగిన స్త్రీలకు, కాలేయ మార్పిడి చేయించుకున్నవారికి ముప్పు ఎక్కువ. మార్పిడి తరువాత తొలి సంవత్సరంలో ఎముక నష్టం వేగంగా జరుగుతుంది.

పరీక్షలు

డెక్సా స్కాన్ ద్వారా వెన్ను, తుంటి ఎముకల సాంద్రతను కొలుస్తారు. టి-స్కోరు -2.5 లేదా అంతకంటె తక్కువైతే ఆస్టియోపోరోసిస్‌గా భావిస్తారు. దీనితోపాటు విటమిన్ డి, కాల్షియం, మూత్రపిండాల పనితీరు పరీక్షిస్తారు. ఎత్తు తగ్గినా, నడుము వంగినా వెన్నుపూసకు ఎక్స్‌రే అవసరం.

ఆహారం

కాలేయ వ్యాధికి పప్పు, గుడ్డు, పాలు మాన్పించాలన్న పాత నమ్మకం హాని చేస్తుంది. సిరోసిస్ ఉన్నవారికి రోజుకు ప్రతి కిలో శరీర బరువుకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అనగా 50 కిలోల మనిషికి 60 నుండి 75 గ్రాములు. కాల్షియం ఆహారం, మాత్రలు కలిపి 1000 నుండి 1200 మి.గ్రా. ఉండాలి. 100 గ్రాముల రాగులలో 340 మి.గ్రా.కు పైగా కాల్షియం ఉంటుంది. సంకటి, అంబలి, కన్నడ సీమలోని ముద్దె అందుకు చక్కని ఆధారాలు. రాత్రి పడుకొనేముందు కొద్దిగా తినడం కండకు మేలు. పొట్టలో నీరు ఉన్నవారు ఊరగాయలు, ఉప్పు తగ్గించాలి. మద్యం పూర్తిగా మానాలి.

మందులు

విటమిన్ డి లోపాన్ని ముందు సరిచేసి, తరువాత ఎముకల మందు మొదలుపెడతారు. వారానికొకసారి మింగే అలెండ్రోనేట్ మాత్ర అన్నవాహికను ఒరిపించగలదు. అన్నవాహికలో సిరలు ఉబ్బినవారి విషయంలో వైద్యులు ఏడాదికొకసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షనును ఎంచుకోవచ్చు. దానికి ముందు మూత్రపిండాలు, దంతాలు చూపించుకోవాలి. ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్‌ను తమంతట తాము ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది.

సిరోసిస్ ఉన్నవారు నడుము నొప్పికి దుకాణంలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని మింగరాదు. రక్తస్రావానికి, మూత్రపిండాల దెబ్బకు అవి దారితీయవచ్చు.

పడిపోకుండా జాగ్రత్తలు

కాలేయ వ్యాధి ముదిరినప్పుడు మెదడు మందగించి తూలుడు రావచ్చు. విరేచనాల మందు వాడేవారు రాత్రి పలుమార్లు లేస్తారు. మరుగుదొడ్డి దారిలో దీపం, పట్టుకొనేందుకు కమ్మీ, తడిలేని నేల అవసరం. నిద్రమాత్రలు వైద్యుని సలహా లేనిదే వాడరాదు.

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లే ఆచారం తమిళనాడు సరిహద్దున నేటికీ ఉన్నది. కట్టు విరిగిన చోటును పట్టి ఉంచవచ్చును గాని, గుల్లబారిన తక్కిన ఎముకలను బాగుచేయదు. ఎక్స్‌రే, డెక్సా పరీక్ష తప్పనిసరి.

పొరుగు రాష్ట్రంలో వైద్యానికి వెళ్లేవారు

వేలూరు, బెంగళూరు వంటి చోట్లకు పాత స్కాన్లు, మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్లాలి. ఎముకల వైద్యునికి కాలేయ వ్యాధి ఉన్నదని మొదటనే చెప్పాలి. కాలేయాన్ని తమిళంలో కల్లీరల్ అని, మరాఠీలో యకృత్ అని అంటారు. ఎముక తమిళంలో ఎలుంబు, కన్నడంలో మూళె, ఒడియాలో హాడ. ఈ మాటలు తెలిసియుంటే ఒక వైద్యుడు ఇచ్చిన మందు మరొక వ్యాధికి చేటు కాకుండా కాపాడుకోవచ్చు.