జర్మనీ విదేశాంగ విధానం: అమెరికా అండ, రష్యా గ్యాస్, చైనా మార్కెట్.. ఈ మూడు లెక్కలూ ఎక్కడ తప్పాయి?

యూరప్‌లో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ జర్మనీది. అయినా దశాబ్దాల పాటు ఆ దేశం మూడు పెద్ద అవసరాల కోసం బయటి దేశాల మీదే ఆధారపడింది. రక్షణకు అమెరికా, చౌక గ్యాస్‌కు రష్యా, కార్లు, మెషిన్లు అమ్ముకోవడానికి చైనా. ఈ ఏర్పాటు చాలాకాలం బాగానే నడిచింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దూసుకెళ్లాక మాత్రం లెక్కలన్నీ తారుమారయ్యాయి.

ఇప్పుడు బెర్లిన్ తన ఫారిన్ పాలసీని కొత్తగా రాసుకుంటోంది. అసలు ఏ దేశంతో జర్మనీకి ఎలాంటి సంబంధం ఉంది? ఎక్కడ తేడా కొట్టింది? అక్కడ చదువుతున్న మన పిల్లల మీద దీని ప్రభావం ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు పునాది ఎక్కడ పడింది?

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక జర్మనీ రెండు ముక్కలైంది. 1949లో ఏర్పడిన పశ్చిమ జర్మనీకి కాన్‌రాడ్ అడెనావర్ తొలి ఛాన్సలర్. ఛాన్సలర్ అంటే మన ప్రధానమంత్రి లాంటి పదవి. పొరుగు దేశాలు జర్మనీ పేరు వింటేనే భయపడే రోజులవి. అందుకే ఆయన ఒక రూట్ ఎంచుకున్నారు. ఒంటరిగా ఏ అడుగూ వేయకుండా, ఏం చేసినా పశ్చిమ దేశాలతో కలిసే చేయాలనుకున్నారు. 1955లో నాటోలో చేరారు. 1957లో ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన రోమ్ ఒప్పందంపై సంతకం చేశారు. 1963లో బద్ధశత్రువు ఫ్రాన్స్‌తో స్నేహ ఒప్పందం కుదుర్చుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన విల్లీ బ్రాంట్ తూర్పు వైపు తలుపులు తెరిచారు. 1970లో సోవియట్ యూనియన్, పోలాండ్‌లతో ఒప్పందాలు చేసుకున్నారు. వార్సాలో యూదుల స్మారకం ముందు ఆయన మోకాళ్లపై కూర్చున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. మరుసటి ఏడాదే ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

1990 అక్టోబర్ 3న రెండు జర్మనీలు ఒక్కటయ్యాయి. అందుకు అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పుకోవాల్సి వచ్చింది. అణ్వాయుధాలు పెట్టుకోబోమని, సైన్యం 3 లక్షల 70 వేలు దాటదని జర్మనీ మాట ఇచ్చింది.

సైన్యాన్ని పంపాలంటే పార్లమెంట్ ఓకే అనాల్సిందే

జర్మనీలో ఛాన్సలర్ అనుకున్నంత మాత్రాన సైన్యం విదేశాల్లో యుద్ధానికి వెళ్లదు. 1994లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం పార్లమెంట్ ఆమోదం తప్పనిసరి. 1999లో కొసావో యుద్ధంలో జర్మనీ పాల్గొంది. 2001 నుంచి 2021 వరకు అఫ్గానిస్థాన్‌లో ఉండి 59 మంది సైనికులను కోల్పోయింది. 2003 ఇరాక్ యుద్ధానికి మాత్రం అమెరికా అడిగినా నో చెప్పింది.

రష్యా: గ్యాస్ కోసం కట్టిన మూల్యం

సోవియట్ గ్యాస్ పశ్చిమ జర్మనీకి 1973లోనే రావడం మొదలైంది. కోల్డ్ వార్ పీక్స్‌లో ఉన్నప్పుడూ ఆగలేదు. అందుకే జర్మన్ నేతల్లో ఒక నమ్మకం బలపడింది. వ్యాపారం పెరిగితే గొడవలు తగ్గుతాయి, మాస్కో కూడా మారుతుంది అనుకున్నారు.

బాల్టిక్ సముద్రం కింద నుంచి వేసిన నార్డ్ స్ట్రీమ్ పైప్‌లైన్ 2011లో మొదలైంది. తమను పక్కనపెట్టి నేరుగా రష్యాతో డీల్ ఏంటని పోలాండ్, ఉక్రెయిన్ గట్టిగా అభ్యంతరం చెప్పాయి. 2014లో క్రిమియాను రష్యా కలిపేసుకుంది. ఆ మరుసటి ఏడాదే రెండో పైప్‌లైన్‌కు ఒప్పందం కుదిరింది! ఇది వ్యాపార వ్యవహారమేనని బెర్లిన్ చెబుతూ వచ్చింది. యుద్ధానికి ముందు జర్మనీ దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే.

దాడికి రెండు రోజుల ముందు, అంటే 2022 ఫిబ్రవరి 22న అప్పటి ఛాన్సలర్ ఒలాఫ్ షోల్జ్ నార్డ్ స్ట్రీమ్-2 అనుమతిని ఆపేశారు. ఫిబ్రవరి 27న పార్లమెంట్‌లో మాట్లాడుతూ ఒక యుగం ముగిసిందని ప్రకటించారు. సైన్యం కోసం 10 వేల కోట్ల యూరోల ప్రత్యేక నిధి పెట్టారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో సముద్రం అడుగున పేలుళ్లు జరిగి పైప్‌లైన్లు దెబ్బతిన్నాయి.

విల్హెల్మ్స్‌హాఫెన్ రేవులో నెలల వ్యవధిలోనే ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ కట్టి 2022 డిసెంబర్‌లో ప్రారంభించారు. గ్యాస్ దొరికింది కానీ చౌకగా కాదు. ఇళ్ల బిల్లులు, ఫ్యాక్టరీల ఖర్చులు పెరిగాయి. 2023, 2024 వరుసగా రెండేళ్లు జర్మనీ ఆర్థిక వ్యవస్థ వృద్ధి సాధించకపోగా తగ్గింది. ఖరీదైన ఇంధనం అందుకు ఒక కారణం.

అమెరికా: గొడుగు ఉంటుందా, ఉండదా?

2025 నాటికి జర్మనీలో సుమారు 35 వేల మంది అమెరికా సైనికులు ఉన్నారు. రామ్‌స్టైన్ ఎయిర్‌బేస్ యూరప్‌లో అమెరికా వైమానిక దళానికి కీలక కేంద్రం. ఈ అండ ఉందనే ధైర్యంతోనే జర్మనీ ఏళ్ల తరబడి సైన్యం మీద తక్కువ ఖర్చు పెట్టింది. ట్రంప్ ఇదే పాయింట్ పట్టుకున్నారు.

2025 ఫిబ్రవరి 23న ఎన్నికల్లో గెలిచిన రాత్రే ఫ్రెడ్రిక్ మెర్జ్ ఓ సంచలన మాట అన్నారు. అమెరికా నుంచి యూరప్ దశలవారీగా స్వతంత్రం కావాలన్నారు. చెప్పింది ఎవరో గమనించండి. అమెరికాతో స్నేహమే ప్రాణమని నమ్మే సీడీయూ పార్టీ నేత!

తర్వాత అడుగులు వేగంగా పడ్డాయి.

- 2025 మార్చి: అప్పులకు కళ్లెం వేసే రాజ్యాంగ నిబంధనను సవరించారు. జీడీపీలో 1 శాతానికి మించిన రక్షణ ఖర్చుకు ఇక ఆ పరిమితి వర్తించదు. కొత్త పార్లమెంట్‌లో మూడింట రెండొంతుల మెజారిటీ కష్టమని, పాత పార్లమెంట్‌తోనే పాస్ చేయించారు.
- 2025 మే: మెర్జ్ ఛాన్సలర్ అయ్యారు. దాదాపు 60 ఏళ్ల తర్వాత సీడీయూకు విదేశాంగ శాఖ దక్కింది. యోహాన్ వాడెఫుల్ మంత్రి అయ్యారు. అదే నెలలో లిథువేనియాలో జర్మన్ బ్రిగేడ్‌ను అధికారికంగా ప్రారంభించారు. 2027 నాటికి అక్కడ దాదాపు 5 వేల మందిని ఉంచాలన్నది టార్గెట్.
- 2025 జూన్: రక్షణ, అనుబంధ రంగాలకు 2035 నాటికి జీడీపీలో 5 శాతం ఖర్చు చేయాలని నాటో దేశాలు నిర్ణయించాయి.

ఒకప్పుడు జర్మనీ సైన్యం పెరిగితే వణికిన పొరుగు దేశాలే ఇప్పుడు అది పెరగాలని అడుగుతున్నాయి. అయితే అణు రక్షణ మాత్రం ఇంకా అమెరికా చేతిలోనే ఉంది. సొంతంగా అణ్వాయుధాలు వద్దన్న 1990 నాటి మాట కూడా అలాగే ఉంది.

చైనా: వదులుకోలేని కస్టమర్, తట్టుకోలేని పోటీ

2016 నుంచి 2023 వరకు జర్మనీకి నంబర్ వన్ వ్యాపార భాగస్వామి చైనానే. 2024లో అమెరికా ముందుకొచ్చింది. 2023 జులైలో జర్మనీ తొలిసారి చైనాపై ప్రత్యేక వ్యూహ పత్రం విడుదల చేసింది. చైనా తమకు భాగస్వామి, పోటీదారు, వ్యవస్థాపరంగా ప్రత్యర్థి అని అందులో రాసుకుంది.

చిక్కు ఏంటంటే, చైనాలో జర్మన్ కార్లు కొనేవాళ్లు ఇప్పుడు అక్కడి సొంత ఎలక్ట్రిక్ కార్ల వైపు వెళ్తున్నారు. మరోవైపు అరుదైన ఖనిజాల కోసం జర్మన్ ఫ్యాక్టరీలు చైనా వైపే చూడాలి. రష్యా గ్యాస్ విషయంలో జరిగిందే ఇక్కడా రిపీట్ అవుతుందా అన్నదే బెర్లిన్ భయం.

ఇజ్రాయెల్ సంగతి వేరు

యూదుల ఊచకోత చరిత్ర వల్ల ఇజ్రాయెల్ భద్రత జర్మనీకి మామూలు దౌత్య అంశం కాదు. 2008లో ఏంజెలా మెర్కెల్ ఇజ్రాయెల్ పార్లమెంట్‌లోనే ఆ మాట చెప్పారు. అలాంటి జర్మనీ కూడా 2025 ఆగస్టులో గాజాలో వాడే అవకాశమున్న ఆయుధాల ఎగుమతికి బ్రేక్ వేసింది. కాల్పుల విరమణ తర్వాత నవంబర్‌లో ఎత్తేసింది.

మరి మనకేంటి?

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో శాశ్వత సీటు కోసం భారత్, జర్మనీ, జపాన్, బ్రెజిల్ జీ-4గా కలిసి పోరాడుతున్నాయి. రష్యా, చైనా లెక్కలు తప్పాక జర్మనీకి భారత్ అవసరం మరింత పెరిగింది. 2024 అక్టోబర్‌లో షోల్జ్ ఢిల్లీ వచ్చినప్పుడు, నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ప్రకటించారు. అక్కడ చదివే విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే నంబర్ వన్. 2023-24లో దాదాపు 50 వేల మంది ఉన్నారు.

తెలుగు రాష్ట్రాల నుంచి ఎంఎస్ కోసం జర్మనీ వైపు చూసేవాళ్లకు ఇక్కడ ఒక విషయం ముఖ్యం. చాలా ప్రభుత్వ వర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేకపోవడం ప్లస్సే. బాడెన్-వుర్టెంబెర్గ్ లాంటి చోట మాత్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. కానీ చదువయ్యాక ఉద్యోగం రావాలంటే అక్కడి కార్లు, మెషిన్ల కంపెనీలు బాగుండాలి. ఆ కంపెనీల భవిష్యత్తు ఇంధన ధరలు, అమెరికా సుంకాలు, చైనా పోటీ మీదే ఆధారపడి ఉంది. కాబట్టి జర్మనీకి అప్లై చేసేవాళ్లు వీసా కోటా ఒక్కటే కాదు, తమ బ్రాంచ్‌లో అక్కడి కంపెనీలు ఉద్యోగాలు ఇస్తున్నాయా లేదా అన్నది కూడా చూసుకోవాలి. జర్మన్ భాష వస్తే ఆ ఛాన్స్ ఇంకా పెరుగుతుంది.