గూడూరు తీరంలో అడవి లెక్కలు: శ్రీహరికోట అనుభవం

గూడూరుకు ఆగ్నేయంగా, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిలో ఉష్ణమండల శుష్క సతతహరిత అరణ్యం ఉంది. పాల, అల్లి, నేరేడు వంటి వృక్షాలతో కూడిన ఈ తరహా అడవి కోరమాండల్ తీరంలో నేడు అరుదు. పాలకులు అడవిని దేనితో కొలిచారన్నది దాని చరిత్రను మలచిన అంశాలలో ఒకటి.

1835లో కంపెనీ ప్రభుత్వం దీవిని స్వాధీనం చేసుకున్నది మద్రాసు నగరపు వంటచెరకు కోసమే. తరువాతి కాలంలో బకింగ్‌హామ్ కాలువ పడవలు ఆ కట్టెలను నగరానికి చేరవేశాయి. ఆ పాలనలో అడవి అంటే కట్టెల రాశి. తేనెను, అద్దకానికి పనికివచ్చే చిరివేరును సేకరించే యానాదులు కేవలం శ్రామికులుగా పరిగణింపబడ్డారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో రైలింజన్ల ఇంధనం కోసం ఈ తీరమంతటా సరుగుడు తోటలు వ్యాపించాయి.

1969లో దీవిని రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశారు. దానితో కట్టెల నరికివేత తగ్గి అడవి చాలావరకు నిలిచింది. కాని అనేక యానాది కుటుంబాలు తమ ఆవాసాలను వదలవలసి వచ్చింది. భూమిని పరిశీలించే ఐఆర్ఎస్-పి2 ఉపగ్రహం 1994లో ఈ దీవి నుండే నింగికెగసింది.

ఆకుపచ్చని ఆకులు ఎరుపు కాంతిని గ్రహించి, సమీప పరారుణ కాంతిని పరావర్తనం చేస్తాయి. ఈ భేదం ఆధారంగా ఉపగ్రహ చిత్రాలలో వృక్షాచ్ఛాదనను గుర్తిస్తారు. 1987 నుండి నివేదికలు వెలువరిస్తున్న భారత అటవీ సర్వేక్షణ సంస్థ, ఒక హెక్టారుకు తగ్గని విస్తీర్ణంలో 10 శాతం చెట్ల కప్పు ఉంటే దానిని అటవీ ఆచ్ఛాదనగా లెక్కిస్తుంది. వృక్షజాతితో నిమిత్తం లేదు. అందువల్ల పాల చెట్ల అడవి పోయి సరుగుడు తోట వచ్చినా మొత్తం లెక్క తగ్గకపోవచ్చు.

ఈ లోటును క్షేత్ర పరిశీలన పూరిస్తుంది. పర్యావరణ శాస్త్రజ్ఞులు నిర్ణీత చతురస్ర గళ్లలో జాతులను, కాండపు చుట్టుకొలతలను, మొలకలను నమోదు చేసి, కొన్నేళ్ల తరువాత అక్కడే తిరిగి లెక్కిస్తారు. పెద్ద చెట్లుండి మొలకలు కరవైన అడవి పైనుండి పచ్చగా కనిపించినా, అది క్షీణదశలో ఉన్నట్లే.

కట్టెల లెక్కలోనూ, పచ్చదనపు శాతంలోనూ వృక్షజాతి కనిపించదు. కావున అటవీ దస్త్రాలను, ఉపగ్రహ చిత్రాలను, క్షేత్ర గణనను యానాదుల మౌఖిక జ్ఞానంతో సరిపోల్చినప్పుడే ఈ తీరం కోల్పోయినదేమిటో నిర్ధారించవచ్చు.