చేపల సంత పక్క ఇల్లు

పరాయిదేశంలో కాపురం పెట్టినవారి అగచాట్లను మనం చరిత్రగా లెక్కించము. అద్దె ఇంటి పేచీలు, కారే కప్పులు, పనివారితో భాష కుదరని తంటాలు ఉత్తరాల్లో రాసుకునే సంగతులని మన భావన. అయితే బాంకాక్‌లో అటువంటి ఇంటి గొడవ ఒకటి ఒక రాజు కీర్తినే మార్చివేసింది.

ఆ ఊళ్ళో విదేశీయుల నివాసం మొదటినుంచీ రాజకీయమే. 1855 నాటి బౌరింగ్ ఒప్పందం ప్రకారం, నగర ప్రాకారానికి నాలుగు మైళ్ళ లోపున భూమి కొనదలచిన బ్రిటిషువారు పదేళ్ళు సయాంలో నివసించి ఉండాలి, లేదా ప్రత్యేకానుమతి పొందాలి. అప్పటి బాంకాక్ కాలువల మీద బతికే నగరం. బండి షికారుకు వీధి లేక జబ్బు పడుతున్నామని 1861లో ఐరోపావారు మోంగ్‌కుట్ మహారాజుకు మొరపెట్టుకున్నారు. 1864 నాటికి చరోన్ క్రుంగ్ వీధి సిద్ధమైంది.

1862 మార్చిలో రాజుగారి బిడ్డలకు ఇంగ్లీషు నేర్పడానికి ఆనా లియొనోవెన్స్ కొడుకుతో సహా సింగపూరు నుంచి వచ్చింది. రాజు అంతఃపురంలో ఉండమన్నాడు. ఆమె వేరిల్లు కావాలంది. అంతవరకు మహామంత్రి భవనంలో బస. చివరకు చూపించిన ఇల్లు చేపల సంత పక్కన, కంపుకొట్టే కొంప అని, తాను దాన్ని నిరాకరించి వచ్చేశానని ఆమె రాసుకుంది. తరువాత దొరికిన ఇంటినీ కడిగి, తోమి గాని కాపురానికి పనికి తెచ్చుకోలేదట.

ఈ కథలన్నీ 1870లో పుస్తకంగా వచ్చాయి. మాట నిలుపుకోని, చిరచిరలాడే రాజుగా మోంగ్‌కుట్ పాశ్చాత్య పాఠకులకు పరిచయమైనది చాలావరకు దాని ద్వారానే. 1951లో అది సంగీత నాటకమైంది. 1956లో వచ్చిన చలనచిత్రాన్ని థాయ్‌లాండ్ నిషేధించింది. తాను వేల్స్‌లో పుట్టానని చెప్పుకున్న ఆ దొరసాని నిజానికి 1831లో మన అహ్మద్‌నగర్‌లో పుట్టిందని పరిశోధకులు తరువాత తేల్చారు.

జవాబు చెప్పడానికి రాజు లేడు. 27 ఏళ్ళు భిక్షువుగా గడిపి, లాటిను, ఖగోళశాస్త్రం నేర్చిన ఆయన 1868 ఆగస్టు 18 నాటి సూర్యగ్రహణాన్ని స్వయంగా గణించాడు. ఆ రోజే మన గుంటూరులో జాన్సెన్ అదే గ్రహణాన్ని పరిశీలించాడు. మోంగ్‌కుట్ వా కో అనే సముద్రతీర ప్రాంతంలో విడుదులు కట్టించి, ఐరోపా అతిథులను పిలిచి, వారికి ఏ లోటూ రాకుండా చూశాడు. అక్కడ పట్టిన మలేరియాతో అక్టోబరు 1న మరణించాడు. అతిథుల కోసం విడుదులు కట్టించిన ఆతిథేయి కథ మాత్రం ఏ నాటకశాలకూ ఎక్కలేదు.

నేను బాంకాక్‌లో కాపురమున్న మూడేళ్ళలో వంటింటి కప్పు రెండుసార్లు కారింది. గోడ మీద మూరెడు తొక్కే బల్లి రాత్రంతా తన పేరు తానే పిలుచుకునేది. ఈ కబుర్లు చెబితే మిత్రులు హాయిగా నవ్వుతారు. కప్పు బాగుచేసిన మేస్త్రి తన ఇంటికి వెళ్ళి నన్ను గురించి ఏమని చెప్పుకున్నాడో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పరాయిచోట కాపురపు కథకు ఎప్పుడూ రెండు ఇళ్ళు ఉంటాయి. మనకు అందేది కలం ఉన్న ఇంటి కథ.