ముద్దనూరు పొగ, మైలవరం అద్దాలు: మన కరెంటు కథ



ఈ మధ్య యాడ నలుగురు కూర్చున్నా రెండు మాటలు వినపడతా ఉండాయి. ఒకటి భూమి వేడెక్కుతాందని. రెండోది సోలార్ వాళ్లు పొలాలు అడుగుతాండారని. రెండూ కొత్త మాటల మాదిరి ఉంటాయి గానీ, మన మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పక్క కరెంటు, నీళ్లు, భూమి ఎప్పట్నుంచో ఒకదానికొకటి ముడిపడే ఉండాయి. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

కేసీ కాలువ కింద ఉన్నోళ్ల సంగతి వేరు. మెట్టలో మన తాతలు కపిల తోలి నీళ్లు పారించినారు. ఎద్దులు, తోలు బాన, తెల్లవారుజామున పాట. తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చినాయి, ఆ తర్వాత కరెంటు మోటార్లు. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలని స్లాబు పెట్టినాక మోటార్లు ఊరూరా పెరిగినాయి. బావులు ఎండి బోర్లు వచ్చినాయి. బోరు లోతు పెరిగే కొద్దీ మోటారు పెద్దదైంది, కరెంటు అవసరం పెరిగింది.

1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999లో కరెంటు బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడగొట్టినారు. 2000లో ఛార్జీలు పెంచితే రాష్ట్రమంతా రోడ్డెక్కింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయినారు. 2004 మే 14న ప్రమాణ స్వీకారం చేసిన రోజే రాజశేఖర రెడ్డి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టినారు. అంటే ఉచిత కరెంటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, దాని వెనక ప్రాణాలు ఉండాయి.

మరి ఆ కరెంటు యాడి నుంచి వచ్చేది? ఎక్కువ భాగం బొగ్గు నుంచే. మన జిల్లాలో బొగ్గు గని ఒక్కటి లేకపోయినా ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం కట్టినారు. మొదటి యూనిట్ 1994లో, చివరిదైన 600 మెగావాట్లది 2018లో వచ్చింది. మొత్తం 1,650 మెగావాట్లు. బొగ్గు వందల కిలోమీటర్ల అవతల సింగరేణి నుంచి రైల్లో రావాల, నీళ్లు మైలవరం జలాశయం నుంచి రావాల. ఒక యూనిట్ కరెంటుకు ముప్పాతిక కిలో దాకా బొగ్గు కాలుతుంది, కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. ఆ గ్యాస్ పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1896లోనే లెక్కగట్టినాడు. కాబట్టి ఇది నిన్న మొన్న పుట్టించిన మాట కాదు.

ఇక్కడ కొందరు "2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగింది కూడా భూమి వేడెక్కడం వల్లేనా?" అని అడుగుతారు. ఒక్క వాన చూసి అంత మాట అనలేం. డ్యాం తెగడానికి మనుషుల నిర్లక్ష్యం ఎంతుందో కూడా చూడాల. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం దాకా ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే పడినప్పుడు కుండపోత, లేనప్పుడు నెలల ఎండ. ఇది మనం చేలో చూస్తున్నదే.

బొగ్గు కరెంటుకు ఇంకో గుణం ఉంది. బాయిలర్ ఒకసారి రగిలితే రాత్రి పూట ఆపడం కష్టం. ఊర్లు, ఫ్యాక్టరీలు నిద్రపోయే వేళ మిగిలిన కరెంటును రైతుకు తోసినారు. అర్ధరాత్రి మోటారు వేయడానికి పోయి పాము కరిచినోళ్లు, షాక్ కొట్టి పోయినోళ్లు ఏ ఊర్లో లేరు చెప్పండి?

సోలార్ కథ ఇక్కడే మనకు పనికొస్తుంది. ఎండ ఉన్నప్పుడే దాని కరెంటు. మనకు నీళ్లు పారించాల్సిందీ అప్పుడే. 2010లో దేశంలో సోలార్ యూనిట్ 11, 12 రూపాయలు. మన మైలవరం మండలంలో సుమారు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్లని తలపెట్టిన సోలార్ పార్కులో 250 మెగావాట్లకు 2017 ఏప్రిల్‌లో వేలం వేస్తే 3 రూపాయల 15 పైసలు పలికింది. అప్పటికి దేశంలో అదే తక్కువ. నెల తిరక్కుండానే రాజస్థాన్‌లో 2 రూపాయల 44 పైసలకు దిగింది.

ధర దిగేసరికి పేచీ మొదలైంది. పాత ఒప్పందాల రేట్లు ఎక్కువని 2019లో రాష్ట్ర ప్రభుత్వం తగ్గించమంది, కంపెనీలు కోర్టుకు పోయినాయి. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో రాసిన రేటే కట్టమంది. మధ్యలో 2021 డిసెంబరులో మన వ్యవసాయ కరెంటు కోసమని 7,000 మెగావాట్లు యూనిట్ 2 రూపాయల 49 పైసలకు కొనేటట్టు ఒప్పందం చేసుకున్నారు, అదీ రాజస్థాన్ ఎండ నుంచి. మైలవరంలో ఎండ లేదా అని అడగాల్సింది మనమే.

స్వచ్ఛమైన కరెంటు అన్నంత మాత్రాన అందరికీ స్వచ్ఛం కాదు. అణు కరెంటుకు పొగ రాదు. కానీ దానికి కావాల్సిన యురేనియం తీసే తుమ్మలపల్లె దగ్గర కొట్టాల రైతులు బోరు నీళ్లు చెడినాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొత్తుకుంటాండారు. సంస్థ కాదంటోంది. బ్యాటరీ బండ్లూ అంతే. 2022 నుంచి తిరుమల కొండకు ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి, కొండ మీద పొగ తగ్గింది, మంచిదే. కానీ ఇంట్లో ఛార్జింగ్ పెట్టే కరెంటు బొగ్గుదైతే పొగ మన ఊరు దాటి కలమల్లకు పోయిందంతే.

ఇప్పుడు అసలు మాట, భూమి. పక్కనే కర్ణాటకలో, తెలుగు మాట్లాడే పావగడలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు పెట్టినారు. అక్కడ రైతుల దగ్గర భూమి కొనలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. పట్టా రైతు పేరు మీదే ఉంది. వానలు లేని నేలకు అది పెద్ద ఊరటే. కానీ భూమి లేని కూలోళ్లకు, గొర్రెలు మేపుకునేటోళ్లకు కౌలు రాలేదు, పని మాత్రం పోయింది. కాగితాల్లో "బీడు" అని రాసిన చోట మన దగ్గర కూడా మందలు మేస్తాయి కదా.

అందుకే నా మాట ఇది. సోలార్ వద్దనొద్దు, అది మన పగటి కరెంటు. భూమి అడగడానికి వస్తే అమ్మకం మాట ఎత్తనీకండి, కౌలు అనండి. పెంపు ఎంత, ఎన్నేళ్లు, గడువు తీరినాక దిమ్మెలు, ఇనుము ఎవరు పీకేయాలి, ఇవన్నీ తెలుగులో రాయించుకోండి. సంతకానికి ముందు ఊర్లో కూలోళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడండి. మన ఎండతో వచ్చే కరెంటు ముందు మన ఫీడరుకే పగటి పూట తొమ్మిది గంటలు ఇవ్వమని గ్రామసభలో తీర్మానం పెట్టండి. బొగ్గు వచ్చినప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. ఎండ వచ్చినప్పుడన్నా అడిగించుకుందాం.