లీలావతిలో పద్మరాశి

క్రీ.శ. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతీ గ్రంథమున ఒక పద్మరాశి ప్రశ్న కలదు. రాశిలో మూడవ వంతు శివునకు, ఐదవ వంతు విష్ణువునకు, ఆఱవ వంతు సూర్యునకు, నాల్గవ వంతు దేవికి సమర్పింపగా మిగిలిన 6 పద్మములు గురుపాదములను చేరినవి. మొత్తమెన్ని?

భిన్నములను చూడగనే నేటి బాలుడు బెదరును. పెద్దలు తొందరపడి సమీకరణమును చేతికిత్తురు. ఆచార్యుని మార్గము వేఱు. ఇష్టమైన సంఖ్యను ఊహింపుము. 60 అనుకొన్నచో 20, 12, 10, 15 పోగా 3 మిగులును. మిగులవలసినవి 6, అనగా రెండింతలు. కావున రాశి 120. దీనికే ఇష్టకర్మ యని పేరు. ఊహ తప్పైనను అదియే సాధనమగుచున్నది. శిశువునకు ఇంతకంటె అభయమేమి కావలెను!

తెనుగునను ఈ సంప్రదాయము కలదు: పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పద్యములలో తెనిగించెను.