దినముల పేర్లలో షష్ఠీ విభక్తి

బుధవారమునకు ఆంగ్లమున 'వెన్స్‌డే' అని పేరు. దానిని వ్రాయునపుడు నోట పలుకని 'డి' అక్షరమొకటి నడుమ వచ్చి మన విద్యార్థులను తికమక పెట్టుచుండును. ఆ 'డి' వోడెన్ అను పూర్వపు దేవుని పేరులోనిది. దాని తరువాత వినబడు 'ఎస్' షష్ఠీ ప్రత్యయము. వోడెను యొక్క దినమని అర్థము. గురువారపు పేరును ఇట్టిదే.

మరి సూర్యచంద్రుల పేర వెలసిన సండే, మండేలలో ఆ 'ఎస్' ఏమైనది? ప్రాచీనాంగ్లమున నామములన్నిటికి షష్ఠి ఒకే తీరున ఉండెడిది కాదు. కొన్నింటికి 'ఎస్' చేరగా, మరికొన్నింటికి 'అన్' చేరెడిది. సూర్యచంద్రుల పేర్లు ఈ రెండవ తెగకు చెందినవి. ఆ 'అన్' కాలక్రమమున అరిగిపోయినది. మార్చి 25వ తేదీని 'లేడీ డే' అనుటయు అట్టిదే. లేడీ యనగా ఇచట క్రీస్తుమాత మరియ. 1751 వరకు ఇంగ్లండున న్యాయరీత్యా సంవత్సరాది ఆ దినమే!

ఇక కొక్కెము వంటి అపాస్ట్రఫీ సంగతి. లోపించిన అక్షరమునకు గుర్తుగా 16వ శతాబ్దిలో ఫ్రెంచివారి నుండి ఆంగ్లేయులు దీనిని గ్రహించిరి. షష్ఠిలోని అచ్చు లోపించిన చోట పెట్టుచు, క్రమముగా షష్ఠికే గుర్తుగా చేసికొనిరి. బహువచనమున 'ఎస్' తరువాత నుంచు పద్ధతి 18వ శతాబ్దిలో గాని వ్యాపింపలేదు. వారముల పేర్లు అంతకు ఎంతో ముందే ఏకపదములై గట్టిపడినవి గనుక వానిలో ఆ కొక్కెము కానరాదు.

కొత్తగా పుట్టిన దినములకు మాత్రము అది తప్పలేదు, తగవులును తప్పలేదు. అమెరికాలో 1908లో 'మదర్స్ డే'ను ఆరంభించిన అన్నా జార్విస్, కొక్కెము 'ఎస్'కు ముందే ఉండవలెనని పట్టుబట్టినది. లోకములోని తల్లులందరికి కాక, ఎవరి తల్లిని వారు గౌరవించు దినమని ఆమె భావము. 1914లో అధ్యక్షుడు విల్సన్ తన ప్రకటనలో అట్లే వ్రాసెను. 1954లో అదే దేశము, పూర్వసైనికుల పేర 'వెటరన్స్ డే' ఏర్పరచినపుడు కొక్కెమునే విడిచినది. ఆ దినము వారి సొత్తు కాదు, వారిని గౌరవించుటకు ఏర్పడినదని అక్కడి ప్రభుత్వ శాఖ వివరణ. నాకు ఇది కొంత చమత్కారముగానే తోచును. షష్ఠి స్వామ్యమునే గాక ఇతర సంబంధములను గూడ తెలుపునుగదా!

మన దేశమున 1962 నుండి సెప్టెంబరు 5న జరుపుచున్న 'టీచర్స్ డే' పేరును ఆంగ్లమున వ్రాయువారు కొక్కెమును ఒకరు ముందు, ఒకరు వెనుక ఉంచుచుందురు. పలువురు గురువులకు సంబంధించినది గావున 'ఎస్' తరువాత నుంచుటయే సబబు. 'చిల్డ్రన్' అనునది 'ఎస్' లేకయే బహువచనము గనుక బాలల దినము పేరులో అది ముందే వచ్చును. తెలుగున 'ఉపాధ్యాయ దినోత్సవము' అన్నచో ఈ చిక్కు పైకి కనబడదు, ఏలయన సమాసమున విభక్తియు వచనమును అణగిపోవును. విగ్రహవాక్యము చెప్పుమన్నప్పుడు గాని, 'ఉపాధ్యాయుని' అనవలెనా 'ఉపాధ్యాయుల' అనవలెనా యని విద్యార్థి తడుముకొనడు.