ఫైరింజన్ల బొమ్మలు – ఒక చిత్రకారుని ఋణం

పదవీ విరమణ చేసి తీర్థయాత్రలకు వెళ్లవలసిన వయస్సులో, కెమేరా పట్టుకొని ఫైరింజన్ల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నానని మా శ్రీమతి చమత్కరిస్తూ ఉంటుంది. నిజమే. ఏ ఊరు వెళ్లినా అగ్నిమాపక కేంద్రం ముంగిట ఎర్రని బండి కనబడితే నా కాళ్లు ఆగిపోతాయి. దీనికి మూలం బాల్యంలో ఉన్నది. ఒక వేసవి మధ్యాహ్నం మా వీధిలోని పూరిళ్లు వరుసగా అంటుకొన్నాయి. నీళ్ల బిందెలు చేతులు మారుతూనే ఉన్నాయి. మంట అంతకంటె వేగంగా ఇళ్లు మారింది. తాలూకా కేంద్రం నుండి బండి గంట మ్రోగించుకొంటూ వచ్చేసరికి కాలిన నిట్రాళ్లే మిగిలాయి. అయినా ఆ గంట నాదం నన్ను విడువలేదు.

ఈ బొమ్మలు కూర్చడం కేవలం కాలక్షేపమనే చాలాకాలం అనుకొన్నాను. ఒక డచ్చి చిత్రకారుని చరిత్ర చదివిన పిదప ఆ అభిప్రాయం మారింది. యాన్ వాన్ డెర్ హైడెన్ (1637–1712) ఆమ్‌స్టర్‌డామ్ వీధులను, గోడలోని ఇటుకలు లెక్కపెట్టదగినంత సూక్ష్మంగా చిత్రించినవాడు. 1652లో, బాల్యం దాటుతున్న వయస్సులో, ఆ నగరపు పాత పురమందిరం దగ్ధం కావడం కళ్లారా చూశాడు. అప్పటి అగ్నియంత్రమంటే తొట్టిలో నిలిపిన చేతి పంపు. తొట్టిని బాల్చీలతో నింపాలి. నాళం యంత్రానికే బిగించి ఉండడం వలన నీటిధార వీధిలో నుండి గోడలను తడిపేదే గాని లోపలి మంటను చేరేది కాదు. 1672 ప్రాంతంలో అతడు సోదరుడు నికొలాస్‌తో కలిసి, ఎటు కావలసిన అటు వంగే తోలు గొట్టాన్ని పంపుకు జోడించాడు. దానిని పట్టుకొని మనిషి మెట్లెక్కి మంట మొదటికి చేరగలిగాడు. ఈనాటి ఫైరింజన్‌లో చుట్టి పెట్టిన గొట్టం ఆ వంశంలోనిదే.

1690లో అతడు ఈ యంత్రాలను గురించి పెద్ద సచిత్ర గ్రంథం ప్రకటించాడు. ఒక చిత్రంలో మండుతున్న ఇంటిని నిలువుగా కోసినట్లు చూపి, పాత, కొత్త పద్ధతులను పోల్చాడు. రెండు కాలాల అగ్నినష్టాలనూ లెక్కగట్టాడు. యంత్రాలు చేయించి అమ్మినవాడు కనుక అందులో ప్రచారమూ లేకపోలేదు. అయినా ఆ బొమ్మలు మంటను చూసి మురిసిపోవడానికి గీసినవి కావు, ఆర్పడం నేర్పడానికి గీసినవి.

ఇది చదివినప్పుడు నాకు సిగ్గు కలిగింది. కారణం చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రిందట ఒక దుకాణం కాలుతుండగా ఫొటో తీయబోయి, తెలియక గొట్టానికి అడ్డంగా నిలిచాను. "పెద్దాయనా, తప్పుకోండి!" అని ఒక ఫైర్‌మన్ కేక వేశాడు. ఆ కేకలో కోపం కంటె ఆత్రుత ఎక్కువ. ఆ రోజు తీసిన బొమ్మలేవీ నేను దాచుకోలేదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ ప్రేలినప్పుడు, మంటలతో పోరాడుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. ఆ తేదీనే మన దేశంలో అగ్నిమాపక సేవా దినంగా పాటిస్తున్నారు. ఏటా ఆనాడు అనుమతి అడిగి మా ఊరి కేంద్రానికి వెళతాను. నిరుడు బండి తుడుస్తున్న డ్రైవరు, "ఇట్లా నిలబడి ఉన్నప్పుడే తీసుకోండి మాష్టారూ, ఊరు చల్లగా ఉన్నట్లు లెక్క" అన్నాడు.

ఇప్పుడు నేను తీసేవన్నీ నిలిచి ఉన్న బండ్ల బొమ్మలే.